ఇరుసును అడిగితే

గోదావరి డెల్టాలో దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవర్‌కి డిఫరెన్షియల్ లాక్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అతని కాలి మడమకు తెలుసు. సీటుకు కిందుగా, కాలు కాస్త వెనక్కి జరిపితే అందేచోట చిన్న పెడల్ ఒకటి ఉంటుంది. మడిలో ఒక చక్రం దిగబడి ఊరికే గిర్రున తిరుగుతూ, రెండోది కదలకుండా నిలబడిపోతే ఇంజన్ వేగం తగ్గించి ఆ పెడల్ తొక్కుతాడు. లోపల ఎక్కడో టక్కుమంటుంది. ఆ తర్వాత రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి, ట్రాక్టరు బురదలోంచి పైకి లేస్తుంది. గట్టు దగ్గర మలుపు తిప్పేలోగా కాలు తీసేస్తాడు. తీయకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి ముందుకే పోతుందని అతనికి అనుభవం. కొండదారుల్లో జీపులు ఎక్కించడం మన దగ్గర సరదాగా మారడానికి చాలా ముందే, లాక్ ఎప్పుడు వెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు తియ్యాలో తెలిసిన మనుషులు మన పొలాల్లో ఉన్నారు.

నేను చెప్పబోయేది మాత్రం పెడల్ లేని లాక్ సంగతి. పాత జీపు వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఇనప హౌసింగ్ లోపల ఏదో ఉంది. అది ఏ రకమో తెలియదు. పెట్టించినవాడు ఎవరో తెలియదు. అమ్మినవాడికి తెలిసింది "ఉంది" అన్న ఒక్క మాటే. కొన్నవాడు దాన్ని ఎలా తెలుసుకోవాలి? పైకి ఇది షెడ్డు ప్రశ్నే. కానీ కంటికి కనపడని దాన్ని, నలుగురూ దానికి తగిలించిన పేరు పక్కనపెట్టి, కేవలం దాని నడతను బట్టి గుర్తుపట్టడం ఎలాగన్నది చాలా పెద్ద ప్రశ్న. దాన్ని చేత్తో పట్టుకుని చూసే అవకాశం ఇరుసు ఇచ్చినంతగా నాకు పుస్తకాలు ఇవ్వలేదు.

అసలు డిఫరెన్షియల్ ఎందుకు కావాల్సివచ్చిందో ముందు చూద్దాం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం దొర్లాలి. ఎంత ఎక్కువ? పాత విల్లీస్ జీపులో కుడి ఎడమ చక్రాల మధ్య దూరం సుమారు 1.23 మీటర్లు. ఘాట్ రోడ్డు మీద హెయిర్‌పిన్ మలుపంటే దాదాపు అర్ధవలయం. అది పూర్తయ్యేసరికి బయటి చక్రం 3.9 మీటర్లు అదనంగా దొర్లి ఉంటుంది. మలుపు ఇరుకుదా, విశాలమైనదా అన్నదానితో పనిలేదు. చక్రాల మధ్య దూరాన్ని 3.14తో హెచ్చిస్తే వచ్చేది అంతే. ఆ జీపు టైరు ఒక చుట్టు తిరిగితే బండి కదిలేది సుమారు 2.2 మీటర్లు. అంటే ఒక్క హెయిర్‌పిన్‌లోనే బయటి చక్రం ఇంచుమించు 1.75 చుట్లు ఎక్కువ తిరగాలి. రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఆ తేడాను టైరు రబ్బరైనా అరిగి భరించాలి, యాక్సిల్ షాఫ్టైనా మెలిపడి భరించాలి.

ఈ ముడి విప్పే పళ్లచక్రాల అమరిక మోటారు బళ్ల కంటే ముందు గడియారాల్లోకి వచ్చింది. 1720లో జోసెఫ్ విలియమ్సన్ అనే ఇంగ్లండు గడియారాల పనివాడు దాన్ని వాడాడు. ఒక శతాబ్దం తర్వాత, 1820ల చివర్లో, ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ ఆవిరి బండి కోసం దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయనదీ గడియారాల పనే. సెకన్ల తేడాను సర్దే చేతులకే చక్రాల తేడానూ సర్దాలని తోచింది. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

మన షెడ్లలో పెద్ద పళ్లచక్రాన్ని క్రౌన్ అంటారు. ఇంజన్ వైపు నుంచి వచ్చి దాన్ని తిప్పేది టెయిల్ పినియన్. క్రౌన్‌కు బిగించిన గూడులో ఉండే చిన్న చక్రాలు స్టార్ పినియన్లు. బండి తిన్నగా పోతున్నంతసేపూ స్టార్ పినియన్లు తమచుట్టూ తాము తిరగవు, గూడుతో కలిసి మొత్తంగా తిరుగుతాయి. మలుపు రాగానే మెల్లగా పొర్లుతూ ఒక చక్రం వేగంలోంచి తీసి రెండోదానికి కలుపుతాయి. రెండు చక్రాల వేగాల సగటు ఎప్పుడూ క్రౌన్ వేగమే. బలాన్ని మాత్రం రెండింటికీ సరిసమానంగా పంచుతాయి.

చిక్కు ఆ సమానత్వంలోనే ఉంది. స్టార్ పినియన్ చేసే పని కావడి బద్ద చేసే పనే. భుజం మధ్యలో ఎత్తుతుంది, రెండు కొసలూ సమంగా మొయ్యాలి. ఒక కొసన బుట్ట ఖాళీ అయితే రెండో కొసన ఉన్న బరువు లేవదు, బద్ద ఒరిగిపోతుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందంటే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. కాబట్టి గట్టి రాతి మీద నిలబడి ఉన్న రెండో చక్రానికీ అంతే అందుతుంది, అంటే దాదాపు ఏమీ అందదు. స్పీడోమీటరు 40 చూపిస్తుంటుంది, బండి అంగుళం కదలదు, గాలిలోని చక్రం ఒక్కటీ 80 వేగంతో తిరుగుతుంటుంది. గట్టివాడి వాటా ఎంతంటే, పట్టులేనివాడు ఎంత పట్టుకోగలిగితే అంత. డిఫరెన్షియల్ తన ధర్మం తప్పలేదు. తప్పకపోవడం వల్లనే బండి ఆగింది.

ఈ ఒక్క చిక్కుకు వందేళ్లుగా ఇంజనీర్లు ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఫెర్డినాండ్ పోర్షె తయారుచేసిన ఆటో యూనియన్ రేసుకారులో, గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కూడా ఒక చక్రం జారిపోతుంటే, 1935లో ఆయన జెడ్‌ఎఫ్ సంస్థ చేత జారుడును అదుపుచేసే డిఫరెన్షియల్ చేయించాడు. 1958లో వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికన్, మరలాంటి పళ్ల ఒరిపిడితోనే బలం అటూ ఇటూ మళ్లేలా చేసి పేటెంటు పొందాడు. టార్సెన్ అని పిలిచేది దాన్నే. ఈటన్ సంస్థ 1973 నుంచి అమెరికన్ ట్రక్కులకు ఇచ్చిన లాకులో చిన్న బరువులుంటాయి. రెండు చక్రాల వేగాల్లో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే అవి విచ్చుకుని లాక్ వేస్తాయి. మన మహీంద్రా థార్ వెనక ఇరుసులోకి వచ్చిన మెకానికల్ లాక్‌ది ఈ వంశమే. ఆస్ట్రేలియాలో ఏఆర్‌బీ వాళ్లు గాలి ఒత్తిడితో లాక్ వేయించారు, టొయోటా వాళ్లు చిన్న కరెంటు మోటారుతో. ఫోర్స్ గూర్ఖాలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ చెరొక లాక్ ఉంది, రెండూ డ్రైవరు చేతిలోనే. ఇవేవీ కొనే స్తోమత లేనివాళ్లు, లేదా కొనే ఓపిక లేనివాళ్లు, స్టార్ పినియన్లను వెల్డింగ్ పెట్టి శాశ్వతంగా కలిపేశారు. ఒక్కో జవాబు వెనక ఒక్కో నేల ఉంది. రేసు ట్రాకు, మంచు రోడ్డు, ఎడారి ఇసుక, వరి మడి. పేరు తెలియని లాక్‌ను గుర్తుపట్టాలంటే, దాన్ని పెట్టించినవాడు ఏ నేల మీద ఇరుక్కున్నాడో ఊహించగలగాలి.

మా మేనల్లుడు రాజమండ్రిలో ఉంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత జీపు బేరమాడి తెచ్చుకున్నాడు. ఇంజనూ ఛాసిసూ దానివే గానీ వెనక ఇరుసు ఇంకెక్కడిదో. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, అక్కణ్నుంచి చింతూరు ఘాట్ దిగాలని వాడి కోరిక.

"మావయ్యా, వెనకాల లాకరుందంట," అన్నాడు సంబరంగా.

"ఏ లాకర్‌రా?"

"లాకరే. ఇది ఉంటే ఎక్కడికైనా ఎక్కేస్తుందన్నాడు."

పాతబళ్ల వ్యాపారంలో "ఉంది" అన్న మాటంత తక్కువ చెప్పే మాట ఇంకోటి లేదని నా నమ్మకం. ఆర్‌సీ బుక్కులో ఇంజన్ నంబరుంటుంది, ఛాసిస్ నంబరుంటుంది, రంగు కూడా ఉంటుంది. ఇరుసు కడుపులో ఏముందో ఎక్కడా ఉండదు. అది తెలియకపోతే ఏ నూనె పొయ్యాలో తెలియదు. క్లచ్ పలకలతో పనిచేసే రకానికి పలకలు పట్టేయకుండా జారేలా ప్రత్యేకంగా కలిపే మందు కావాలి. ఈటన్ తరహా లాక్‌కు ఆ మందు వెయ్యకూడదు. విడిభాగం కావాలంటే ఏం అడగాలో తెలియదు. వీటన్నిటికంటే ముందు, వానలో మలుపు మీద కాలు ఆక్సిలరేటర్ మీంచి తీస్తే బండి ఏం చేస్తుందో తెలియదు. అది మాత్రం ప్రాణానికి సంబంధించినది.

ఊళ్లో ట్రాక్టర్లు, జీపులు బాగుచేస్తూ ముసలివాడైన మేస్త్రి ఒకాయన ఉన్నారు. బండిని ఆయన షెడ్డుకు తీసుకెళ్లాం. మావాడు డిక్కీలోంచి జాకీ తీయబోతే ఆయన వారించారు.

"జాకీ నమ్మకు బాబూ. స్టాండ్లు పెడదాం. ముందు టైర్లకు ముందూ వెనకా రాళ్లు పెట్టు."

ఆ జాగ్రత్త వెనక పెద్ద కారణమే ఉంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిని ఒక పక్కే పైకెత్తి ఇంజన్ వేసి గేరులో పెడితే లేచిన చక్రమే తిరుగుతుంది. లాక్ ఉన్న బండిలో నేలమీదున్న చక్రం కూడా తిరిగి, బండి జాకీ మీంచి దూకేస్తుంది. దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకోటుంది. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాలను పట్టుకోదు, గేరుబాక్సు వెనక షాఫ్టును పట్టుకుంటుంది. మామూలు డిఫరెన్షియల్ ఉండి వెనక ఒక చక్రం లేస్తే, హ్యాండ్‌బ్రేక్ ఎంత గట్టిగా లాగినా రెండో చక్రం దొర్లిపోగలదు. పైన చెప్పిన సమానత్వమే ఇక్కడా పనిచేస్తుంది. లోపల ఏముందో తెలియనంతవరకూ ఈ రెండు ప్రమాదాల్లో ఏది పొంచి ఉందో తెలియదు, కాబట్టి రెండూ ఉన్నట్టే మసలుకోవాలి. ఇంజన్ తాళం తీసి మేస్త్రి తన జేబులో వేసుకున్నారు.

వెనక రెండు చక్రాలూ పైకి లేచాక ఆయన చేసిన మొదటి పని చక్రం తిప్పడం కాదు, బండి కిందికి దూరి హౌసింగును గుడ్డతో తుడవడం. పెయింటు కింద ఏమైనా కన్నాలున్నాయా, బోల్టుతో మూసిన రంధ్రముందా, సన్నటి గొట్టం బయటికి వచ్చిన జాడ ఉందా అని వేలితో తడుముతూ చూశారు. గాలితోనో, తీగతోనో, కరెంటుతోనో వేసే లాక్ అయితే బయటి నుంచి లోపలికి ఏదో ఒక దారి ఉండి తీరాలి. పాత యజమాని కంప్రెసరూ స్విచ్చూ పీకేసి అమ్ముకున్నా కన్నం మిగులుతుంది. ఇక్కడ హౌసింగ్ మీద నూనె పోసే ప్లగ్గు, కింద నూనె దించే ప్లగ్గు, పైన గాలి వదిలే గొట్టం తప్ప ఇంకేమీ లేవు. డ్రైవరు వేసే రకాలన్నీ ఒక్క గుడ్డముక్కతో పక్కకు పోయాయి.

తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఎడమ చక్రాన్ని ముందుకు తిప్పమన్నారు. మామూలు డిఫరెన్షియల్ అయితే కుడి చక్రం వెనక్కి తిరగాలి, లేదంటే నిలబడిపోయి షాఫ్టు తిరగాలి. ఎటు సులువైతే అటు. ఇక్కడ కుడి చక్రం కూడా ముందుకే తిరిగింది. మావాడి ముఖం వెలిగిపోయింది.

"చూశారా, లాకరుంది!"

మేస్త్రి తల అడ్డంగా ఊపారు. "ఏదో ఉంది. ఏముందో ఇంకా చెప్పలేదది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆయన అన్నట్టు, ఈ ఒక్క పరీక్షకు ఇదే జవాబిచ్చేవి చాలా ఉన్నాయి. వెల్డింగ్ పెట్టినదీ ఇలాగే తిరుగుతుంది. గూడే లేకుండా రెండు యాక్సిల్ షాఫ్టులనూ నేరుగా కలిపే దిమ్మ కూడా ఇంతే. క్లచ్ పలకలు ఇంకా అరగని రకమూ ఇంతే. మరోవైపు లాక్ ఉండి కూడా ఈ పరీక్షలో లేనట్టు కనిపించేవి ఉన్నాయి. ఈటన్ బరువులు చేత్తో మెల్లగా తిప్పితే విచ్చుకోవు. దానికి వేగంలో తేడా కావాలి. గ్లీస్‌మన్ రకం ఒత్తిడి మీదే పనిచేస్తుంది. చక్రాలు గాలిలో ఉంటే దానికి ఒరిపిడే దొరకదు, ఏమీ లేనట్టే ఉంటుంది. పలకలు అరిగిపోయిన క్లచ్ రకమైతే మామూలు డిఫరెన్షియల్‌తో తేడా తెలియదు. మెల్లగా అడిగితే దాక్కునేవి కొన్ని, గాలిలో అడిగితే దాక్కునేవి కొన్ని. పరీక్ష తప్పిందని అనుకోకూడదు. మనం అడిగినదానికే అది జవాబు చెప్పింది. మిగతాది మనం అడగలేదు.

మనుషుల్ని తెలుసుకోవడంలోనూ ఇదే జరుగుతుందని నాకు అనిపిస్తుంది. ఒకే రకం సందర్భంలో ఒకరిని వందసార్లు చూసి, వాళ్లు ఇలాంటివాళ్లని తేల్చేస్తాం. వాళ్లను ఇంకో రకంగా పలకరించే సందర్భం మన మధ్య రానే రాదు. ఇరుసు విషయంలో ఆ సందర్భాన్ని మనమే కల్పించగలం. అందుకే దాని దగ్గర కూర్చోవడం నాకు ఇష్టం.

తర్వాతి పరీక్షకు హ్యాండ్‌బ్రేక్ లాగేశారు. ఇప్పుడు షాఫ్టు కదలదు. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒకటి ముందుకు, రెండోది వెనక్కి హాయిగా తిరగాలి. క్లచ్ రకమైతే బలంగా తిప్పితే బిగువుగా, వదలకుండా, అలాగే ఎదురెదురుగా తిరగాలి. వెల్డింగైతే రెండూ కదలకూడదు. ఇక్కడ ఎడమ చక్రం కొద్దిగా, చేతి వెడల్పంత కదిలి ఠక్కున ఆగింది. కుడిది కూడా అంతే. ఆ కొద్దిపాటి ఖాళీ ఉండడమే వెల్డింగ్ కాదనడానికి మొదటి ఆధారం.

"ఇప్పుడు నువ్వు ఎడమ చక్రాన్ని వెనక్కి తిప్పి, ఆగినచోట గట్టిగా పట్టుకో," అన్నారు మావాడితో. "మీరు ఇటు రండి," అని నన్ను కుడివైపు పిలిచారు. "ముందుకు తిప్పండి. మెల్లగా."

తిప్పాను. చక్రం మొదట బిగుసుకున్నట్టనిపించింది. ఇంకొంచెం నొక్కాను. లోపల పళ్లు ఏటవాలుగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నట్టు అరచేతికి తెలిసింది, ఆ వెంటనే జారి కిందికి పడ్డాయి. టక్. చక్రం ముందుకు కదిలింది. మళ్లీ బిగువు, మళ్లీ టక్. ముందుకు తిప్పినంతసేపూ వదులుతూ పోయింది, వెనక్కి తిప్పబోతే గోడలా నిలబడింది. ఆ చప్పుడు చెవికంటే ముందు మణికట్టుకు అందుతుంది. మేస్త్రి కళ్లు మూసుకుని వింటున్నారు. రెండు వైపులా తారుమారు చేసి మళ్లీ చేయించారు. రెండు వైపులా ఒకేలా పలికింది.

ఇక అనుమానం లేదు. ఇది ఎవరూ వెయ్యనక్కర్లేని, ఎవరూ తియ్యలేని స్వయంచాలక లాక్. ఇంజన్ తోసినప్పుడు రెండు చక్రాలనూ పట్టుకుంటుంది. ఏ చక్రాన్నైనా నేల అంతకంటే వేగంగా తిప్పితే దాన్ని మాత్రం పళ్ల మీంచి జారిపోనిస్తుంది. వెనకబడే స్వేచ్ఛ ఎవరికీ లేదు, ముందుకు పోయే స్వేచ్ఛ ఇద్దరికీ ఉంది. డెట్రాయిట్ లాకర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. గూడు మార్చకుండా, స్టార్ పినియన్లు తీసేసి వాటి చోట ఇమిడేలా చేసిన చవక రకాలూ ఉన్నాయి. ఆ రెండింటిలో ఇది ఏదో మూత తీస్తే గానీ తేలదు.

మూత తీసేముందు ఆయన హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, సుద్దముక్కతో షాఫ్టు మీదా చక్రం మీదా గీతలు గీశారు. రెండు చక్రాలనూ కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పితే షాఫ్టు ఐదు చుట్లు దాటి, ఆరో చుట్టులో మూడోవంతు పైచిలుకు తిరిగింది. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపుల్లో ఇది 4.88 ఉండేది. తర్వాత పౌరుల కోసం చేసిన సీజే బళ్లలో 5.38. ఇరుసు ఏ వంశానిదో దీంతో తెలిసింది. ఇది తెలియాల్సిన అవసరం ఇంకొకటుంది. ముందు ఇరుసు నిష్పత్తి దీంతో కలవకపోతే, ఫోర్ వీల్ వేసిన మరుక్షణం నుంచి రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి మెలిపెడతాయి.

పది బోల్టులూ విప్పి మూత వదులు చేస్తే నూనె కారింది. కొద్దిగా తెల్లబారి ఉంది, అంటే ఎప్పుడో నీళ్లు చేరాయి. వాగులు దాటిన బండి అయ్యుండాలి, గాలి గొట్టం మూసుకుపోయి ఉండాలి. మేస్త్రి ఆ నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలోకి తిప్పి చూశారు. సన్నటి బూడిదరంగు పొడి ఉంది, గోటికి తగిలే ముక్కలు లేవు. క్రౌన్ పళ్లు లెక్కపెడితే 43. టెయిల్ పినియన్‌వి 8. భాగిస్తే 5.375. సుద్దగీత అబద్ధం చెప్పలేదు.

గూడు పాతదే. కిటికీలోంచి టార్చి వేసి చూశాం. స్టార్ పినియన్లు ఉండాల్సిన చోట అవి లేవు. వాటి బదులు నాలుగు ఉక్కు దిమ్మలు జతలుజతలుగా, పళ్లు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చున్నాయి. బయటి రెండూ యాక్సిల్ షాఫ్టులకు, లోపలి రెండూ మధ్యలోని పిన్నుకు. పిన్ను కూర్చునే గాడి గుండ్రంగా కాకుండా కాస్త సాగి ఉంది. రహస్యమంతా ఆ సాగిన గాడిలోనే ఉంది. ఇంజన్ తోస్తే పిన్ను గాడి అంచును ఎక్కి లోపలి దిమ్మలను బయటికి నెడుతుంది, పళ్లు ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. ఎంత తోస్తే అంత పట్టు. నేల చక్రాన్ని ముందుకు లాగితే పిన్ను గాడి మధ్యకు వచ్చి ఒత్తిడి సడలుతుంది, పళ్లు ఒకదాని మీంచి ఒకటి జారతాయి. చేతికి అందిన టక్ ఇదే. దిమ్మల మధ్య చిన్న స్ప్రింగులు కనిపించాయి, ఒకటి మిగతావాటికంటే కుదించుకుపోయింది. పళ్ల అంచులు కొద్దిగా గుండ్రబడ్డాయి, విరిగినది ఏదీ లేదు.

తయారుచేసినవాళ్ల పేరు కోసం దిమ్మలన్నీ తుడిచాం. దొరకలేదు. అంకెలేవో చెక్కి ఉండేవి, అరిగిపోయాయి. మావాడు కాస్త నిరాశపడ్డాడు. నాకు మాత్రం లోటనిపించలేదు. పేరు దొరికి నడత తెలియకపోయి ఉంటే భయపడేవాణ్ని. షాఫ్టు చివర గాట్లెన్నో లెక్కపెట్టి, పిన్ను మందం కొలిచి, స్ప్రింగు పొడవు రాసుకున్నాం. రేపు ఎవరైనా విడిభాగం అమ్మేవాడు అడిగేవి అవే.

ఈ లాక్ పెట్టించినవాడి మీద నాకు గౌరవం కలిగింది. వెల్డింగ్‌కు అయ్యే ఖర్చుతో పని అయిపోయేది, అలా చేయలేదు. గూడు పాడుచేయకుండా, పాత స్టార్ పినియన్లు మళ్లీ పెట్టుకునే వీలుంచి, పద్ధతిగా బిగించాడు. ఎక్కడో వాగుల మధ్య, రోజూ దిగబడే దారిలో, దిగి స్విచ్చు వేసే తీరిక లేనివాడు చేయించుకున్న ఏర్పాటులా ఉంది. అతనికి ఇది సరైన జవాబే. చింతూరు ఘాట్‌లో తారు రోడ్డు మీద దిగబోయే మా మేనల్లుడికి సరైనదా అన్నది వేరే ప్రశ్న. అది వాడే తేల్చుకోవాలి.

కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. మలుపులో ఆక్సిలరేటర్ నొక్కి ఉంటే బయటి చక్రం జారిపోతూ, లోపలి చక్రం ఒక్కటే బండిని నెడుతుంది. కాలు ఠక్కున తీస్తే తోపు పోయి పట్టు మొదలవుతుంది, అది లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారుతుంది. ఆ మార్పును వెనక భాగం ఒక పక్కకు గుంజినట్టు చూపిస్తుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 2.03 మీటర్లే ఉన్న పొట్టి జీపులో ఆ గుంజుడు ఇంకా ఎక్కువ. తడి రోడ్డు మీద ఇంకో సంగతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉంటే ఒక చక్రం జారినా రెండోది తోపు లేకుండా దొర్లుతూ వెనక భాగాన్ని తిన్నగా పట్టి ఉంచుతుంది. లాక్ ఉంటే రెండూ ఒకేసారి జారతాయి, పక్కకు పోకుండా ఆపేవాడు మిగలడు. పొలంలో ట్రాక్టరు డ్రైవరు గట్టు రాగానే మడమ తీస్తాడు. ఇక్కడ తీయడానికి పెడల్ లేదు. కాబట్టి ఆ మడమ చేసే పనంతా ఆక్సిలరేటర్ మీదున్న పాదమే చెయ్యాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపంతా ఒకే ఒత్తిడిలో ఉంచాలి, మధ్యలో తీయకూడదు, మధ్యలో తొక్కకూడదు.

"మరి పాత స్టార్ పినియన్లు పెట్టించేయనా?" అన్నాడు కాసేపాగి.

"ఎక్కువ తిరిగేది ఎక్కడో చెప్పు."

ఆలోచించాడు. ఎక్కువగా రాజమండ్రి రోడ్ల మీదే. అడవి దారి ఏడాదిలో కొన్నిసార్లు. ఎండాకాలం వరకూ ఇలాగే ఉంచి నేర్చుకుంటానన్నాడు. వానలు మొదలయ్యేలోగా స్టార్ పినియన్లు సంపాదించి మార్పిస్తానన్నాడు. వానలో ఘాట్ ఎక్కించనని తనంతట తనే అన్నాడు. నీరసించిన స్ప్రింగు బదులు కొత్తది వేసి, 90 నంబరు గేరు ఆయిల్ పోసి, గాలి గొట్టం శుభ్రం చేసి మూత బిగించారు మేస్త్రి. చేతులు తుడుచుకుంటూ బండి ముందువైపుకు నడిచారు.

"దీని సంగతేమన్నాడు అమ్మినాయన?"

"ఏం చెప్పలేదండి."

"అయితే ఫ్రీవీల్ హబ్బులు లాకులో పెట్టు. హబ్బులు వదిలేసి ఉంటే చక్రం తిరుగుతుంది గానీ లోపలిది పలకదు," అంటూ స్టాండ్లు ముందు ఇరుసు కిందికి జరిపారు.